ఫంక్షన్ అంటే పనా, స్వభావమా? లూయిస్ సలివన్ మాటలోని చిక్కుముడి

మన దగ్గర ‘ఫంక్షన్’ అనగానే పెళ్లో, గృహప్రవేశమో, పుట్టినరోజో గుర్తొస్తుంది. ‘ఫామ్’ అంటే ఆఫీసులో నింపేది, లేదా క్రికెటర్ పోగొట్టుకునేది. అందుకే ‘ఫామ్ ఫాలోస్ ఫంక్షన్’ అన్న మాట మొదటిసారి విన్న తెలుగువాడికి కాసేపు తికమకగానే ఉంటుంది. ఆర్కిటెక్చర్ కాలేజీల్లో ఈ మాట వినిపిస్తుంది. మొబైల్ యాప్‌లు డిజైన్ చేసేవాళ్లూ అంటారు, కారు రివ్యూ చేసేవాళ్లూ అంటారు. దానికి చెప్పే అర్థం కూడా ఎక్కడైనా దాదాపు ఒకటే: ముందు పనికొచ్చేలా చెయ్, సోకుల సంగతి తర్వాత.

ఈ మాటకు ఆద్యుడిగా అందరూ చెప్పేది చికాగో ఆర్కిటెక్ట్ లూయిస్ సలివన్ పేరు. 1856లో పుట్టి 1924లో పోయాడు. ఆ వాక్యం ఆయన 1896 మార్చిలో అచ్చయిన ఒక వ్యాసంలో ఉంది. తీరా ఆయన కట్టిన భవనాల ముందు నిలబడితే కనిపించేది వేరు. తలుపుల చుట్టూ తీగలు, కిటికీల కింద ఆకులు, చూరు దగ్గర చుట్టలు చుట్టుకున్న కొమ్మలు. అమెరికాలో ఆ కాలంలో ఆయనంత ఇష్టంగా అలంకారం చేసిన ఆర్కిటెక్ట్ మరొకరు కనబడరు. సోకులు వద్దన్నాడని పేరు పడ్డవాడి చేతిపని ఇది!

అంటే ఆయన తన మాట తానే తప్పాడా? లేక ఆ మాటను మనమే తప్పుగా చదువుతున్నామా? రెండూ కొంత కొంత నిజమేననిపిస్తుంది నాకు.

గోడ మోసే ఇల్లు, పిల్లర్లు మోసే ఇల్లు

ముందు ఇంటి బరువు ఎవరు మోస్తున్నారన్నది చూడాలి. మన మేస్త్రీలకు ఇది కొత్త సంగతి కాదు. పాతకాలపు ఇళ్లలో పైకప్పు బరువంతా గోడలదే. అందుకే ఆ గోడలు అంత లావు. నడిమి గోడ కొట్టేస్తే కప్పు దిగిపోతుంది. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో ముందు పిల్లర్లు లేస్తాయి, బీములు పడతాయి, స్లాబులు పోస్తారు. గోడలు ఆఖర్న వస్తాయి. వాటి పని ఎండావానలు ఆపడం, గదుల్ని విడదీయడం. బరువుతో వాటికి సంబంధం లేదు.

19వ శతాబ్దం చివర్లో చికాగోలో జరిగిన పెద్ద మార్పు ఇదే. సిమెంటు పిల్లర్ల బదులు అక్కడ ఇనుము, తర్వాత ఉక్కు. 1891లో పూర్తయిన మొనాడ్నాక్ బిల్డింగ్‌నే చూడండి. 16 అంతస్తులు. బయటి గోడలు బరువు మోసే ఇటుక గోడలే. దాంతో నేల దగ్గర గోడ మందం దాదాపు ఆరడుగులు వచ్చింది. ఒక మనిషి అందులో అడ్డంగా కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. ఊరి నడిబొడ్డున అడుగు అడుగుకీ అద్దె వచ్చే చోట, అన్నింటికంటే ఎక్కువ అద్దె పలికే కింది అంతస్తులో ఆరడుగులు గోడే మింగేసిందన్నమాట. ఇంకా ఎత్తు పెంచితే గోడ ఇంకా లావెక్కాలి. ఎక్కడో ఒకచోట ఆ లెక్క గిట్టడం మానేస్తుంది.

దానికి ఆరేళ్ల ముందే, 1885లో, విలియం లె బారన్ జెన్నీ అనే ఇంజినీరు అదే ఊళ్లో హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్‌ను పది అంతస్తులు లేపాడు. బరువులో ఎక్కువ భాగం లోహపు చట్రం మోసింది. ‘ప్రపంచంలో మొదటి ఆకాశహర్మ్యం’ అని చాలా చోట్ల రాసేది దీని గురించే. అయితే ఈ బిరుదు మీద తగాదా ఇంకా తెగలేదు. అందులో కొంత బరువు రాతి, ఇటుక గోడల మీద కూడా ఉండేదనీ, న్యూయార్క్‌లో లిఫ్టులున్న ఎత్తైన ఆఫీసులు అంతకుముందే ఉన్నాయనీ కొందరి వాదన. ఎత్తును బట్టి చూస్తే ఒకటి మొదటిది, చట్రాన్ని బట్టి చూస్తే ఇంకొకటి. ఆ బిల్డింగ్‌ను 1931లో పడగొట్టేశారు కాబట్టి ఇప్పుడు వెళ్లి చూసి తేల్చుకోవడానికీ లేదు.

సలివన్‌ను ఆకాశహర్మ్యం కనిపెట్టినవాడు అనేవాళ్లు కూడా ఉన్నారు. అది పొరపాటు. చట్రం ఆయనది కాదు. లిఫ్టు అసలే కాదు, పడిపోకుండా పట్టుకునే ఓటిస్ లిఫ్టు 1857లోనే న్యూయార్క్‌లో ఒక దుకాణంలో మనుషుల్ని ఎక్కించుకుంది. సలివన్ చేతికి వచ్చేసరికి ఎత్తుగా కట్టడం తెలిసిపోయింది. అది చూడటానికి ఎలా ఉండాలన్నదే తేలలేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1871 అక్టోబరులో చికాగో తగలబడింది. మూడు చదరపు మైళ్లకు పైగా బూడిదైంది. దాదాపు 300 మంది చనిపోయారు, లక్ష మందికి నిలువ నీడ లేకుండా పోయింది. ఇనుము కాలదు గానీ మంటల్లో మెత్తబడి వంగిపోతుందని అప్పుడు అందరికీ తెలిసింది. అందుకని తర్వాత చట్రాలకు కాల్చిన మట్టి పలకలు, అంటే టెర్రకోట, తొడగడం మొదలుపెట్టారు. ఈ టెర్రకోటతో మనకు తర్వాత పని పడుతుంది.

బోస్టన్ నుంచి చికాగోకు

సలివన్ తండ్రి ఐర్లండ్ నుంచి వచ్చిన డ్యాన్స్ మాస్టారు. తల్లి స్విట్జర్లాండ్ అమ్మాయి. పిల్లవాడు బోస్టన్‌లో పుట్టాడు, చాలా కాలం తాత, అమ్మమ్మల దగ్గర పల్లెటూళ్లో చెట్లూ చేమల మధ్య పెరిగాడు. ఆ చెట్లను ఆయన ముసలితనం దాకా మర్చిపోలేదు.

పదహారేళ్లకు ఎమ్ఐటీలో చేరాడు. ఏడాది తిరక్కుండానే విసుగెత్తింది. ఫిలడెల్ఫియా వెళ్లి ఫ్రాంక్ ఫర్నెస్ అనే ఆర్కిటెక్ట్ దగ్గర పనికి కుదిరితే 1873లో బ్యాంకులు కుప్పకూలి ఆ ఉద్యోగం పోయింది. చికాగో వచ్చి పైన చెప్పిన జెన్నీ దగ్గర కొంతకాలం బొమ్మలు గీశాడు. 1874లో పారిస్ వెళ్లి అక్కడి పేరుమోసిన కళాశాలలో చేరి, అక్కడా ఎక్కువ కాలం నిలవకుండా మరుసటి ఏడాదికే వెనక్కొచ్చాడు. డిగ్రీ అంటూ ఎక్కడా పుచ్చుకోలేదు. తిరిగొచ్చాక కుదిరిన జోడీ మాత్రం ఆయన జీవితాన్నే మార్చేసింది.

అడ్లర్ లెక్క, సలివన్ గీత

డంక్‌మార్ అడ్లర్ జర్మనీలో పుట్టిన యూదుడు, అమెరికా అంతర్యుద్ధంలో పోరాడినవాడు. మనిషి నిదానస్తుడు. పునాదులు, బరువులు, ధ్వని ఆయన విద్యలు. కట్టించుకునే పార్టీలతో మాట్లాడి పని తెచ్చేదీ ఆయనే. సలివన్ ఆవేశపరుడు, అహం ఎక్కువ, చేతిలో పెన్సిల్ ఉంటే దేవుడు. 1883లో ‘అడ్లర్ అండ్ సలివన్’ అని బోర్డు పెట్టారు. విడిపోయే లోపల వందకు పైగా కట్టడాలు పూర్తిచేశారు.

అన్నిటికంటే పెద్దది 1889 డిసెంబరు 9న తెరిచిన ఆడిటోరియం బిల్డింగ్. మధ్యలో దాదాపు 4,200 మంది కూర్చునే నాటకశాల, చుట్టూ హోటలు, ఆఫీసులు. ప్రారంభానికి అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ వచ్చాడు. ఇది చట్రం కట్టడం కాదు, గోడలు మోసేదే. చికాగో నేల కింద మెత్తటి బంకమట్టి. దాని మీద అంత బరువు పెడితే దిగకుండా ఉండదు. మిగతా భాగం కంటే టవర్ బరువు ఎక్కువ, కాబట్టి అదే ఎక్కువ దిగుతుంది. అన్నీ కలిసి సమంగా దిగాలని అడ్లర్ టవర్ పునాది మీద ముందుగానే ఇనుప దిమ్మెలు, ఇటుకలు పేర్చి బరువు పెట్టించాడు. మంచి ఎత్తుగడే గానీ ఆ తర్వాత బయటి గోడలకు అనుకున్న ఇటుక బదులు రాయి వాడారు. ఆ అదనపు బరువుకు కట్టడం కొన్నిచోట్ల రెండడుగులకు పైగా దిగింది. ఇప్పటికీ ఆ వాలు తెలుస్తుంది.

లోపలి నాటకశాల మాత్రం అద్భుతం. ఒకదాని వెనక ఒకటిగా పెద్దవవుతూ వచ్చే నాలుగు బంగారు కమానులు, వాటి నిండా విద్యుత్ దీపాలు. విద్యుత్ దీపమే వింతగా ఉన్న రోజులవి. ఆ కమానులు అలంకారంలా కనిపిస్తాయి. నిజానికి వేదిక మీది మాటను వెనక వరుస దాకా తోసేది వాటి ఆకారమే. గాలి లోపలికి వచ్చే దారులూ వాటిలోనే ఉన్నాయి. ఇందులో అలంకారం ఎక్కడ ఆగింది, ఉపయోగం ఎక్కడ మొదలైంది అంటే గీత గీసి చెప్పడం కష్టం.

పొడుగాటి ఆఫీసుకు ముఖం ఎలా?

1880లలో ఎత్తు కట్టడాలను డిజైన్ చేసినవాళ్లకు నమూనా లేదు. గ్రీకు గుడి, రోమన్ భవంతి, గోథిక్ చర్చి, వీటిలో ఏదీ పది అంతస్తుల ఆఫీసు కాదు. దాంతో చాలామంది ఒక చిన్న భవంతి మీద ఇంకో భవంతి పెట్టినట్టు, మూడు మూడు అంతస్తులకు ఒక అంచు తిప్పుకుంటూ పోయారు. కేకు మీద కేకు పెట్టినట్టుండేది.

1896 వ్యాసంలో సలివన్ ఈ చిక్కును మన ఇంటి ప్లాన్ గీసే ఇంజినీరులా మొదలుపెట్టి విప్పుతాడు. ముందు అవసరాలు రాసుకుందాం అంటాడు. నేల కింద ఒక అంతస్తు: బాయిలర్లు, యంత్రాలు. నేల మీద అంతస్తు: దుకాణాలు, బ్యాంకులు. వీటికి వెడల్పు, వెలుతురు, సులువుగా లోపలికి వచ్చే దారి కావాలి. దానిపైది మెట్లెక్కి వెళ్లగలిగే అంతస్తు. ఆపైన ఎన్నయినా ఆఫీసు అంతస్తులు, తేనెపట్టులో గదుల్లా అన్నీ ఒకేలా. అన్నిటికీ పైన నీళ్ల ట్యాంకులు, పైపులు, యంత్రాలు ఉండే అటక.

ఇప్పుడు ఇదే లెక్కను ముఖానికి వర్తింపజేస్తాడు. కింది రెండు అంతస్తులు ఒకలా ఉండాలి, ఎందుకంటే వాటి పని వేరు. మధ్యలో అన్నీ ఒకే పని చేస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకేలా కనిపించాలి. ఐదో అంతస్తుకు ఒక కిటికీ, ఎనిమిదో అంతస్తుకు ఇంకో రకం కిటికీ పెట్టడం అబద్ధం. పై అటకలో మనుషులుండరు, కాబట్టి అది అలా ఉందని చెప్పేలా గోడ మారాలి.

సెయింట్ లూయిస్‌లో ఎల్లిస్ వెయిన్‌రైట్ అనే బీరు వ్యాపారి కోసం 1891లో పూర్తిచేసిన పది అంతస్తుల వెయిన్‌రైట్ బిల్డింగ్ ఈ లెక్కకు అచ్చమైన ఉదాహరణ. కింద రెండంతస్తులు సాదా రాయి. మధ్యలో ఏడంతస్తులు ఎర్ర ఇటుక స్తంభాలు, ఎక్కడా తెగకుండా నిటారుగా పైకి. పదో అంతస్తు మొత్తం ఆకుల అల్లికతో నిండిన మట్టి పలకల పట్టీ, అందులో చిన్న గుండ్రటి కిటికీలు. వ్యాసం వచ్చింది ఐదేళ్ల తర్వాత. ముందు చేసి చూపించి తర్వాత సూత్రం రాశాడన్నమాట.

వెయిన్‌రైట్ స్తంభాల్లో ఒకటి విడిచి ఒకటి

ఇక్కడే అసలు తగాదా. వెయిన్‌రైట్ ముఖం మీద, మూలలవి తప్ప, నిలువు స్తంభాలన్నీ ఒకే వెడల్పు, ఒకే దూరం. చూసినవాడు ప్రతి స్తంభం లోపలా ఉక్కు ఉందనుకుంటాడు. నిజానికి ఒకటి విడిచి ఒకదానిలోనే ఉక్కు ఉంది. మిగతావి పైకి నిటారుగా కనిపించడానికి పెట్టిన జోడీలు. మూలల దగ్గర స్తంభాలు అవసరానికి మించి లావు. ఆ లావు చూపుకోసమే.

మన భాషలో చెప్పాలంటే ఇది ఎలివేషన్. బిల్డరు ముందువైపు డమ్మీ పిల్లర్ పెడితే మనం ‘అది ఎలివేషన్ కోసమండీ’ అంటామే, అచ్చం అదే. రూపం ఫంక్షన్‌ను అనుసరించాలని చెప్పినాయన ఖాళీ స్తంభాలు పెట్టడమేమిటని తర్వాతి తరం వాళ్లు నిలదీశారు. కట్టడం తన ఎముకల్ని ఉన్నదున్నట్టు చూపాలని నమ్మేవాళ్లకు ఇది పెద్ద తప్పు.

సలివన్ వైపు నుంచి సమాధానం ఆయన వ్యాసంలోనే దొరుకుతుంది. ఎత్తైన ఆఫీసు కట్టడంలో ముఖ్య గుణం ఏమిటని అడిగి, ఎత్తుగా ఉండటమే అని తనే జవాబు చెబుతాడు. అది గర్వంగా పైకి లేచే వస్తువు, కింది నుంచి పై దాకా ఒక్క గీత కూడా దానికి అడ్డు రాకూడదు. అలాగైతే ఖాళీ స్తంభం కూడా ఆ ఎత్తు అన్న గుణాన్ని మోస్తోంది. ఉక్కును మోయకపోయినా.

ఈ సమాధానం మీకు నచ్చిందా లేదా అన్నది పూర్తిగా ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. ఫంక్షన్‌కు మీరు చెప్పుకునే అర్థం.

గద్దకూ మబ్బుకూ ఫంక్షన్ ఏమిటి?

ఇంగ్లిష్‌లో చదివితే ఈ చిక్కు కనబడకుండా జారిపోతుంది. తెలుగులో పెట్టబోతే చేతికి తగులుతుంది. ‘రూపం ఎప్పుడూ ఉపయోగాన్ని అనుసరిస్తుంది’ అందామా? ‘పనిని’ అందామా? ‘ప్రయోజనాన్ని’ అందామా? ఏదైనా పరవాలేదనిపిస్తుంది, సలివన్ ఆ వాక్యానికి ముందు ఇచ్చిన ఉదాహరణలు చూసేదాకా.

ఆయన చెప్పినవి కుర్చీలు, పనిముట్లు కావు. ఎగిరే గద్ద, విచ్చిన ఆపిల్ పువ్వు, బరువు లాగే గుర్రం, హంస, కొమ్మలు చాచిన ఓక్ చెట్టు, మెలికలు తిరిగే వాగు, తేలిపోయే మబ్బులు, వీటన్నిటి మీద సూర్యుడు. బరువు లాగే గుర్రానికి ఉపయోగం ఉంది, సరే. మబ్బు ఎవరికి ఏ పని చేసిపెడుతోంది? వాగు మెలికలు తిరిగేది ఎవరి అవసరం కోసం? అవి అలా ఉన్నాయి, ఎందుకంటే అవి అవే. నీళ్లు పల్లానికి పారతాయి కాబట్టి వాగు రూపం అది.

అందుకని నా వరకు ఇక్కడ ‘స్వభావం’ అన్న మాటే దగ్గరగా కూర్చుంటుంది. రూపం ఎప్పుడూ స్వభావాన్ని అనుసరిస్తుంది. అసలు వాక్యంలో ‘ఎప్పుడూ’ అన్న మాట కూడా ఉంది: ‘ఫామ్ ఎవర్ ఫాలోస్ ఫంక్షన్’. జనం నోట్లో పడి ఆ ‘ఎవర్’ ఊడిపోయింది. అది ఉన్నప్పుడు ఈ వాక్యం ప్రకృతి గురించి చెప్పిన సంగతిలా వినిపిస్తుంది. ఊడిపోయాక డిజైనర్లకు ఇచ్చిన ఆర్డర్‌లా మారిపోయింది.

ఈ చదువుతో అందరూ ఏకీభవించరు. పైన చూసిన అంతస్తుల లెక్క అంతా ఉపయోగం లెక్కే కదా, బాయిలర్లకు కింది అంతస్తు, ట్యాంకులకు పైది? నిజమే. సలివన్ ఒకే వ్యాసంలో రెండర్థాలూ వాడుకున్నాడు, ఒకదాన్నుంచి ఇంకోదానికి చెప్పకుండా గెంతాడు. ఆయన రాత నచ్చనివాళ్లు దీన్నే అస్పష్టత అన్నారు. ఆ ఫిర్యాదులో పస ఉంది.

ఒకప్పుడు పక్కనే కూర్చున్న అడ్లర్‌కే ఆ వాక్యం సరిపోయినట్టనిపించలేదు. అదే 1896లో ఆయన దాన్ని సవరించాడు: రూపాన్ని నిర్ణయించేది ఫంక్షన్ ఒక్కటే కాదు, పరిసరాలు కూడా. కొత్త ఉక్కు, పెద్ద గాజు పలకలు వచ్చాయి కాబట్టే రూపాలు మారుతున్నాయన్నది ఆయన వాదన. పునాదిలో బంకమట్టితో కుస్తీ పట్టినవాడు కదా, అలా అనడంలో ఆశ్చర్యం లేదు. సలివన్ దగ్గర డ్రాయింగులు గీస్తూ ఎదిగిన ఫ్రాంక్ లాయిడ్ రైట్ తర్వాత ఇంకోలా అన్నాడు: రూపం, ఫంక్షన్ ఒకటే. అంతకుముందే, 19వ శతాబ్దం మధ్యలో, హొరేషియో గ్రీనో అనే అమెరికన్ శిల్పి ఓడల్నీ జంతువుల్నీ చూపించి ఇలాంటి ఆలోచనే చెప్పాడు. కాబట్టి వాక్యం సలివన్‌దే గానీ ఆలోచన మొత్తం ఆయన సొంతం అనలేం.

నగలు లేకుండా కూడా నిలవాలన్నాడు, తనే నగలు చేశాడు

1892లో సలివన్ అలంకారం మీద ఇంకో వ్యాసం రాశాడు. కొన్నేళ్లపాటు అలంకారం పూర్తిగా మానేస్తే మనకే మంచిది, ఒంటి మీద ఏమీ లేకుండా కూడా అందంగా ఉండే కట్టడాలు కట్టడం ముందు నేర్చుకుంటాం అన్నాడు. తర్వాతి కాలపు ఆధునికులు, అంటే అలంకారం వద్దన్న ఆర్కిటెక్టులు, ఎత్తి చూపించేది ఈ భాగమే. యూరప్‌లో అలంకారాన్ని నేరంతో పోల్చిన ఆర్కిటెక్ట్ అడాల్ఫ్ లోస్ 1890లలో మూడేళ్లు అమెరికాలో ఉన్నవాడే.

వ్యాసం అక్కడ ఆగదు. మాంసం మీద చర్మంలా, చెట్టు నుంచి ఆకులా అలంకారం లోపలి నుంచి పుట్టుకొస్తే కట్టడం ఇంకా నిండుగా ఉంటుందంటాడు. తెచ్చి అతికించిన నగ వద్దు, ఒంటి నుంచి మొలిచిన నగ కావాలి. మాటగా వినడానికి బాగానే ఉంది, చేతల్లో ఎలా ఉంటుంది?

బఫెలో అనే ఊళ్లో 1896లో పూర్తయిన 13 అంతస్తుల గ్యారంటీ బిల్డింగ్ చూస్తే తెలుస్తుంది. దాని ఒళ్లంతా ఎర్రటి టెర్రకోట, ఆ టెర్రకోట మీద ఇంచుమించు ఖాళీ లేకుండా అల్లిక. దూరం నుంచి నిటారు గీతలే కనిపిస్తాయి, దగ్గరకొస్తే పట్టుచీర అంచులా పని బయటపడుతుంది. ఇప్పుడు 1871 అగ్నిప్రమాదం గుర్తుతెచ్చుకోండి. ఉక్కును మంట నుంచి కాపాడటానికి మట్టి పలక ఎలాగూ తొడగాలి. ఆ పలకను అచ్చులో పోసి కాలుస్తారు. అచ్చు నునుపుగా ఉన్నా, అల్లికతో ఉన్నా, ఒకసారి చేశాక వందల పలకలు దాన్నుంచే వస్తాయి. రాయి చెక్కినట్టు ఒక్కోటి చెక్కనక్కర్లేదు. సలివన్ గీసిన గీతను మట్టిలో పెట్టిన ముఖ్యమైన చెయ్యి క్రిస్టియన్ ష్నైడర్ అనే పనివాడిది.

అల్లికకు మూలం చెట్లే. ముసలితనంలో తన అలంకార పద్ధతిని బొమ్మలతో వివరిస్తూ సలివన్ మొదట గీసింది రెండు బద్దలున్న గింజ. అది మొలకెత్తి విచ్చుకుంటూ పోయి చదరం, పంచభుజి లాంటి గట్టి ఆకారాల్ని పట్టుకుని అల్లుకుంటుంది.

ఆయన సూత్రం ప్రకారం స్వభావం మారితే రూపం మారాలి. దాన్ని పరీక్షించడానికి చికాగోలో స్టేట్, మాడిసన్ వీధుల కూడలిలో 1899 నుంచి 1904 మధ్య కట్టిన బట్టల దుకాణం ఉంది. ష్లెసింగర్ అండ్ మేయర్ వాళ్ల కోసం కట్టింది, తర్వాత కార్సన్ పీరీ స్కాట్ పేరుతో ప్రసిద్ధి. ఇక్కడ నిటారు స్తంభాల జాడే లేదు. దుకాణానికి కావాల్సింది విశాలమైన హాళ్లు, సరుకు మీద పడే వెలుతురు. అందుకని అడ్డంగా సాగే వెడల్పాటి కిటికీలు, తెల్లటి సాదా టెర్రకోట. కింది రెండంతస్తుల్లో మాత్రం షో విండోల చుట్టూ పోత ఇనుముతో పటం కట్టినట్టు దట్టమైన తీగల పని. బజార్లో నడిచే మనిషి కళ్లు నిలిచేది అక్కడే కాబట్టి. ఆ తీగల్లో చాలావరకు గీసింది సలివన్ దగ్గర పనిచేసిన జార్జ్ ఎల్మ్‌స్లీ. ఆఫీసుకూ దుకాణానికీ ఒకే ముఖం పెట్టలేదన్న లెక్కలో సలివన్ ఇక్కడ పూర్తి మార్కులతో పాసయ్యాడు.

1893: తెల్లనగరం, బంగారు ద్వారం

1893లో చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. మనకు ఇది వివేకానందుడి వల్ల తెలుసు. ఆ ఏడాది ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ప్రసంగించి వెళ్లిన స్వామి, సెప్టెంబరులో మాట్లాడిన సర్వమత సభ ఈ ప్రదర్శనలో భాగంగా జరిగిందే. సభ జరిగింది మాత్రం మైదానంలో కాదు, ఊరి మధ్య మిషిగన్ అవెన్యూ మీద కొత్తగా కట్టిన భవనంలో. ఇప్పుడది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం.

ప్రదర్శన కట్టడాల బాధ్యత చికాగో ఆర్కిటెక్ట్ డానియల్ బర్న్‌హామ్‌ది. ముఖ్యమైన భవనాలన్నీ గ్రీకు, రోమన్ స్తంభాలతో, తెల్లటి రంగుతో. లోపల తాత్కాలిక చట్రం, పైన ప్లాస్టరు. జనం మైమరిచిపోయారు. సలివన్ కట్టిన రవాణా భవనం ఒక్కటీ రంగురంగులుగా, గూళ్లు గూళ్లుగా లోపలికి పోయే పెద్ద బంగారు కమానుతో విడిగా నిలిచింది. ఫ్రాన్స్ నుంచి దానికి పతకం కూడా వచ్చింది.

ముప్పై ఏళ్ల తర్వాత తన ఆత్మకథలో సలివన్ ఈ ప్రదర్శనను తిట్టిపోశాడు. అమెరికా ఆర్కిటెక్చర్‌కు అది చేసిన చెరుపు యాభై ఏళ్లు ఉంటుందన్నాడు. తర్వాతి ఆధునికులు ఈ కథనే నమ్మారు: రోమన్ స్తంభాల మోజు వచ్చి సలివన్‌ను ముంచేసింది. ఇంకో వైపు వాదన కూడా బలంగానే ఉంది. ఆ ఏడాదే ఆర్థిక సంక్షోభం వచ్చి పనులు ఆగిపోయాయి. 1895లో అడ్లర్ ఇల్లు గడవక లిఫ్టుల కంపెనీలో ఉద్యోగానికి పోయాడు. కొన్ని నెలలకే తిరిగొస్తే సలివన్ మళ్లీ కలవడానికి ఒప్పుకోలేదు. పని తెచ్చే మనిషి పోయాడు, ఉన్న మనిషికి పార్టీలతో పడదు, పైగా తాగుడు. ప్రదర్శన ఒక్కటే ఆయన్ను ముంచిందనడం కంటే ఇవన్నీ కలిసి ముంచాయనడమే నాకు సబబుగా తోస్తుంది. బర్న్‌హామ్‌కు కూడా ఒక మాట దక్కాలి: చికాగో సరస్సు ఒడ్డు ఇప్పటికీ జనానిదిగా మిగలడంలో ఆయన 1909 నగర ప్రణాళికకు పెద్ద పాలుంది.

చిన్న ఊళ్ల బ్యాంకులు

అక్కడి నుంచి చివరిదాకా సలివన్‌కు దొరికిన పనులు తక్కువ, దొరికినవీ చిన్నవి. 1909లో ఇంట్లో సామాను, పుస్తకాలు వేలానికి పెట్టాల్సి వచ్చింది. ఆ దశలోనే మిన్నెసోటా, అయోవా, ఒహైయో, విస్కాన్సిన్, ఇండియానా చిన్న ఊళ్లలో ఎనిమిది బ్యాంకులు కట్టాడు. ‘నగల పెట్టెలు’ అంటారు వాటిని.

మొదటిది మిన్నెసోటాలోని ఓవటోనా ఊళ్లో, 1908లో పూర్తయింది. ఆ బ్యాంకు నడిపే కార్ల్ బెనెట్, సలివన్ రాసిన వ్యాసం ఒకటి చదివి కబురు పెట్టాడు. రోమన్ గుడిలా కట్టిన బ్యాంకుల్ని సలివన్ అంతకుముందే వెక్కిరించి ఉన్నాడు: అందులో కూర్చునే బ్యాంకరు రోమన్ల బట్టలు చుట్టుకుని లాటిన్‌లో లావాదేవీలు చేయాలి కదా అని. మరి రైతుల డబ్బు దాచే చోటు స్వభావం ఏమిటి? ఆయన కట్టింది గట్టి ఎర్ర ఇటుక పెట్టె, దానికి రెండు వైపులా పెద్ద అర్ధచంద్ర కిటికీలు. బయట నుంచి ఖజానా పెట్టెలా బిగువుగా ఉంటుంది. లోపలికి వెళితే రంగుగాజు నుంచి పచ్చటి వెలుతురు, గోడల మీద ఆవుల బొమ్మలు, పొలాల రంగులు. 1926లో ఆ బ్యాంకు దివాలా తీసింది, భవనం మాత్రం నిలబడింది. 1981లో అమెరికా తపాలా బిళ్ల మీదకు కూడా ఎక్కింది.

సలివన్ 1924 ఏప్రిల్ 14న చికాగోలో ఒక హోటల్ గదిలో చనిపోయాడు. ఆత్మకథ అచ్చు ప్రతి చివరి రోజుల్లో చేతికందింది. అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ తన బంగారు పతకాన్ని ఇరవై ఏళ్ల తర్వాత ఇచ్చింది.

కూల్చినవాటిలో మిగిలినది

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చికాగోలో ఆయన కట్టడాలు ఒకదాని తర్వాత ఒకటి నేలకూలాయి. ఫంక్షన్ తీరిపోయిందన్నదే చాలాసార్లు కారణం: లిఫ్టులు పాతవి, గదులు చిన్నవి, అదే స్థలంలో మూడింతలు అద్దె వచ్చే టవర్ లేపొచ్చు. షిల్లర్ థియేటర్ భవనం 1961లో పోయింది. స్టాక్ ఎక్స్‌ఛేంజ్ భవనం 1972లో.

రిచర్డ్ నికెల్ అనే ఫొటోగ్రాఫర్ కూల్చివేతలను ఆపాలని పోరాడేవాడు. ఆగనప్పుడు ఫొటోలు తీసేవాడు, శిథిలాల్లోంచి టెర్రకోట ముక్కల్ని ఏరి దాచేవాడు. 1972 ఏప్రిల్‌లో స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో ముక్కలు ఏరుకోవడానికి వెళ్లినప్పుడు పైభాగం కూలి మీద పడింది. శవం దొరకడానికి దాదాపు నాలుగు వారాలు పట్టింది.

ఆ భవనంలో షేర్లు కొనీ అమ్మీ కేకలు పెట్టుకునే పెద్ద హాలు మాత్రం దక్కింది. రంగుల అచ్చులతో నింపిన గోడలు, రంగుగాజు పైకప్పు, అన్నీ విప్పి, దాచి, 1977 నాటికి వేరేచోట తిరిగి కూర్చారు. ఆ వేరేచోటు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, వివేకానందుడు మాట్లాడిన మ్యూజియమే. ఇప్పుడు ఆ హాల్లో ఎవరూ షేర్లు అమ్మరు. మ్యూజియం వాళ్లు దాన్ని విందులకూ వేడుకలకూ అద్దెకిస్తారు. అంటే మన భాషలో అచ్చమైన ఫంక్షన్ హాల్.